కిలో చింతపండూ, ఒక లెన్సూ

ఖమ్మం,
12 ఫిబ్రవరి 2024

బాబాయ్‌కి,

లిఖిత నమస్కారాలు. నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు నర్సరీ నీళ్ళ ట్యాంకు ఎక్కి మాట్లాడుతున్నావని అమ్మ చెప్పింది. రెండు మెట్లు దిగితే సిగ్నల్ పోతుందట కదా. ఈ వయసులో నిన్ను ట్యాంకు ఎక్కించిన పాపం నాకెందుకని ఉత్తరం రాస్తున్నాను. పైగా ఫోన్లో నువ్వు ఏది అడిగినా "సరే సరే" అని పెట్టేస్తావు. ఈసారి నాకు సరే సరే కాదు, సరైన జవాబు కావాలి.

మొన్న బోనకల్‌లో ఒక పెళ్లి చేశాను. "చేశాను" అంటే ఫొటోలు తీశాననే. సత్తుపల్లిలో నీ స్టూడియోలో నేర్చుకున్న మాట ఇంకా పోలేదు. పగలు పదకొండింటికి ముహూర్తం. పెళ్లికూతురి గదికి కిటికీ లేదు, ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు కూడా కొట్టుకుంటోంది. వాళ్ళ నాయనమ్మ పిల్ల బుగ్గన చుక్క పెడుతూ ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆ రోజు మొత్తానికీ అదే ఫొటో. తీశాను. ఇంటికొచ్చి చూస్తే మొహాల మీద ఉప్మారవ్వ చల్లినట్టుంది. కెమెరాతో పాటు వచ్చిన ఈ లెన్సుకి ఆ వెలుతురు చాలలేదు.

అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. కెమెరా మెడలో వేసుకుని ఎదురుగా నిలబడి ఉంటే పెళ్లికూతురి తల్లి నన్నే అడిగింది: "ఫొటోగ్రాఫర్ ఎప్పుడొస్తడమ్మా? జల్దీ రమ్మను, ముహూర్తం దగ్గరపడ్డది." మగపెళ్లివాళ్ళు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ అప్పుడే లోపలికొచ్చాడు. వాడి కెమెరాకి చెంబంత లెన్సు. జనం వాడికి దారిచ్చారు. నన్ను లైటు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను కూడా.

ఆ లెన్సే ఇక్కడ ఒక షాపులో ఉంది. ఇరవై నాలుగు నుంచి డెబ్భై దాకా జూమ్, ఎంత దూరం లాగినా వెలుతురు తగ్గదు, టూ పాయింట్ ఎయిటే. మండపం మొత్తం పట్టాలన్నా, ఒక్క మొహం పట్టాలన్నా లెన్సు మార్చక్కర్లేదు. దాదాపు కిలో బరువు. అదే జూమ్‌లో ఫోర్‌ది కూడా ఉంది. దానికి బరువు సగం, ధర సగం, లోపలికి వచ్చే వెలుతురు కూడా సగమే.

రెండేళ్ళు దాచుకున్నదంతా దీనికే పోతుంది. తప్పుది కొంటే ఇంకో రెండేళ్ళు ఇదే అవస్థ. ఈ ఊళ్ళో నా పేరు మీద స్టూడియో నిలబడుతుందో, ఎవరి వెనకో లైటు పట్టుకునే అమ్మాయిగానే మిగిలిపోతానో నాకు తెలియడం లేదు బాబాయ్. కొనమంటావా?

నీ
లిఖిత

నర్సరీ, పినపాక దాటాక,
21 ఫిబ్రవరి

చిరంజీవి లిఖితకి,

బాబాయ్ ఆశీస్సులు. దస్తూరీ చూసి కంగారుపడకు, ఇది నాది కాదు. నా కళ్ళద్దాల మీద నేనే కూర్చున్నాను. కొత్తవి వచ్చేదాకా పక్కింటి నాగలక్ష్మి రాసిపెడుతోంది. అంగన్‌వాడీ టీచరమ్మ, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నేను చెప్పేది ఆమె రాస్తుంది కాబట్టి నిన్ను పూర్తిగా తిట్టడానికి లేదు.

ఇక్కడ అంతా బాగుంది. జామాయిలు మొక్కలు వేలల్లో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు పెళ్లిళ్ళలో మనుషుల్ని వరసలో నిలబెట్టిన వాణ్ణి, ఇప్పుడు మొక్కల్ని నిలబెడుతున్నాను. ఇవి ఫొటో తీసేటప్పుడు కళ్ళు మూసుకోవు, భోజనాలకి వెళ్ళిపోవు. సుఖంగా ఉన్నాను.

ఇక నీ లెన్సు సంగతి. ఈ ఉత్తరంతో పాటు బస్సు కండక్టర్ రామ్‌సింగ్ చేత కిలో చింతపండు పంపుతున్నాను. ఇక్కడి అడవి చింతపండు, ఈ ఏటిది. ఇది పులిహోరకి కాదు. మూట కట్టి నీ కెమెరా పట్టీకి తగిలించు. వచ్చే పెళ్లిలో పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా మెడలోంచి తియ్యకు. కెమెరా ఎత్తినప్పుడల్లా మూటతో సహా ఎత్తు. అప్పుడు నీ మెడ ఏం చెబుతుందో విను.

నన్నడిగితే ఇప్పుడే చెబుతాను. పెద్దది వద్దు, తేలికది కొనుక్కో. ఇంతకంటే అడగొద్దు.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

బాబాయ్
వెంకటనారాయణ

ఇది నేను, నాగలక్ష్మిని. చింతపండుల గింజలు నేనే తీసిన. గా మూట మెడలేసుకున్నప్పుడు ఒక ఫొటో దిగి పంపు చెల్లె, నవ్వుకుంటం.

ఖమ్మం,
2 మార్చి

బాబాయ్‌కి,

చింతపండు చేరింది. సగం అమ్మ పులిహోర చేసేసింది, నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు. మిగతా సగం డబ్బాలో ఉంది, నా మెడలో లేదు.

నేను వెలుతురు గురించి అడిగితే నువ్వు మెడ గురించి చెప్పావు. నీ స్టూడియోలో పనిచేసిన రాజు అన్నయ్య ఇదే ప్రశ్న అడిగి ఉంటే వాడికీ చింతపండే పంపేవాడివా? నాకు గుర్తుంది బాబాయ్. స్టూడియోలో డార్క్‌రూమ్ పని, ఆల్బమ్ పని అన్నీ నాకు నేర్పావు. పెళ్లికి వెళ్ళేటప్పుడు మాత్రం పెద్ద వీడియో కెమెరా మగపిల్లలకి ఇచ్చి, నాకు ఫ్లాష్ ఇచ్చేవాడివి. "ఆడపిల్ల మోయలేదు" అని నువ్వు నోటితో అనలేదు. ఇప్పుడు కిలో మూట కట్టి పంపావు, అంతే తేడా.

ఆ బోనకల్ తల్లికీ నీకూ తేడా ఏముంది?

ఇంకో మాట రాయకూడదు, రాసేస్తున్నాను. పోయినేడు ఎవరికీ చెప్పకుండా స్టూడియో మూసేసి అడవిలో మొక్కల దగ్గరికి వెళ్ళిపోయావు. నీకు ఫొటోల మీద మనసు చచ్చిపోయింది. సరే, అది నీ ఇష్టం. నా మనసు ఇంకా బతికే ఉంది, దాని మీద చింతపండు రసం పొయ్యకు.

లిఖిత

నాగలక్ష్మి అక్కా, ఇదంతా మా బాబాయ్‌కి చదివి వినిపించాల్సి వస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు.

నర్సరీ,
11 మార్చి

చిరంజీవి లిఖితకి,

నాగలక్ష్మి ఒక్క ముక్క కూడా వదలకుండా చదివింది.

నీకు వీడియో కెమెరా ఇవ్వనిది ఆడపిల్లవని కాదు. అది ఇరవై ఏళ్ళు నా కుడి భుజం మీద ఊరేగింది. దాని దెబ్బ నాకు తెలుసు కాబట్టి నీ భుజం మీద పెట్టలేదు. మగపిల్లల భుజాలేమైనా ఫరవాలేదా అంటావు. ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు, తప్పే. వాళ్ళెవరూ నా అన్న కూతుళ్ళు కాదు.

స్టూడియో మూసేటప్పుడు చెప్పలేదన్న కోపం నీకుందని ఇప్పుడే తెలిసింది. చెబితే ఆపుతావని చెప్పలేదు.

ఫొటోల మీద మనసు చచ్చిపోయిందా? అలాగైతే ఒక పని చెయ్యి. ఆ లెన్సు ఒక వారం కిరాయికి తీసుకో. నీ పాత కెమెరాతో కలిపి రామ్‌సింగ్ చేత పంపు. మనసు చచ్చినవాడు చూసి చెబుతాడు.

పులిహోరలో ఇంగువ వేసిందా మీ అమ్మ? ఎప్పుడూ మరిచిపోతుంది.

బాబాయ్

నాగలక్ష్మిని. చదివినంక సారు మొక్కలకు నీళ్ళు పట్టుడు మరిచిండు చెల్లె. ఇంకొకటి. సారు కళ్ళద్దాలు మంచిగనే ఉన్నయి, పగల్లే. గింతకన్నా ఎక్కువ చెప్పను.

ఖమ్మం,
19 మార్చి

బాబాయ్‌కి,

లెన్సు, పాత కెమెరా పంపుతున్నాను. లెన్సుని స్టీలు టిఫిన్ డబ్బాలో తువ్వాలు చుట్టి పెట్టాను. రామ్‌సింగ్ గారు "ఏంది, సారుకు బిర్యానా?" అని అడిగితే అవునన్నాను. కుదుపుకి ఒలుకుతుందని ఒళ్ళో పెట్టుకుని తెస్తాడని నా ఆశ. పోల్చి చూడ్డానికి నా పాత చిన్న లెన్సు కూడా పెట్టాను.

ఇంతకీ చింతపండు మూట వేసుకున్నాను. కోపంతోనే వేసుకున్నాను. మిగిలిన అరకిలోకి అరకిలో ఉప్పు ప్యాకెట్ జతచేసి పసుపు గుడ్డలో కట్టి ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ఒక ముసలామె "మెడల ఆ మూటేందమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "దిష్టికి" అన్నాను. అక్కణ్ణుంచి ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాద ఇంతా అంతా కాదు. వీడియో తీసే అబ్బాయి పక్కకి పిలిచి, అలాంటి మూట ఎవరు కట్టిస్తారో చెప్పమని బతిమాలాడు. భద్రాచలం అడవిలో ఒకాయన ఉన్నాడని చెప్పాను. నీ కోసం ఎవరైనా వస్తే నాకు సంబంధం లేదు.

మెడ నొప్పి పుట్టింది. అబద్ధం చెప్పను. వ్రతం పూర్తయ్యేసరికి భుజం కూడా పట్టేసింది. కానీ మొయ్యగలను.

నీ కళ్ళద్దాలు పగల్లేదని తెలిసింది. ఎలా తెలిసిందని అక్కని అడగొద్దు. నీ చేత్తో నాకు ఉత్తరం రాయడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పాల్సింది. నేను అన్న మాటలకి కోపం రావడం న్యాయమే కానీ, మొదటి ఉత్తరానికే నేనేం తప్పు చేశానో తెలియలేదు. చిన్నప్పుడు నా పుస్తకాలన్నిటి మీదా నా పేరు నువ్వే రాసిచ్చేవాడివి.

లిఖిత

నర్సరీ,
30 మార్చి

చిరంజీవి లిఖితకి,

బిర్యానీ చేరింది, డబ్బా తిరిగి పంపుతున్నాను. రామ్‌సింగ్ నిజంగానే ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మూత తీసి చూపిస్తే వారం రోజులు నాతో మాట్లాడనన్నాడు.

నాలుగు ఫొటోలు తీసి చూశాను. గాజు మంచిది. అంచుల దాకా గీత చెదరలేదు. చీకట్లో బాగా పనిచేస్తుంది. అయినా నా మాట మారలేదు, నీకు వద్దు. తేలికది కొనుక్కుని చేతులు బాగా చూసుకో. ఆ పెద్దదాంట్లో ఒక విషయం నాకు అంతు పట్టలేదు. అది ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం.

నీ మీద నాకు కోపం లేదు. ఏ రోజూ లేదు. ఇది మాత్రం నాగలక్ష్మి చేత రెండుసార్లు రాయించాలని ఉంది.

బాబాయ్

(మడత మీద రాస్తున్న, సారు చూడలే. నాలుగు ఫొటోలు కాదు చెల్లె. మూడు దినాలు అన్నం కూడా మరిచిండు.)

ఖమ్మం,
30 ఏప్రిల్

బాబాయ్‌కి,

నెల రోజులు జవాబు రాయనందుకు ముందు నన్ను తిట్టు. డబ్బా రాగానే కోపంతో కెమెరాని సొరుగులో పడేశాను. "నీకు వద్దు" అన్న రెండు మాటలు తప్ప నీ ఉత్తరంలో నాకింకేమీ కనిపించలేదు. పోయిన వారం సత్తుపల్లి పెళ్లికి మెమొరీ కార్డు తక్కువై దాంట్లోది తీశాను. చెరిపేసే ముందు ఒకసారి చూశాను.

మూడు వందల పన్నెండు ఫొటోలున్నాయి బాబాయ్.

మొదటి రోజువి నా చిన్న లెన్సుతో తీసినవి. మొక్కలు రెండేసి కనిపిస్తున్నాయి. రామ్‌సింగ్ గారి బస్సు రెండు బస్సులైంది. నాగలక్ష్మి అక్కకి రెండు ముక్కులు. ఒకే ఫొటోని పదిహేనుసార్లు తీశావు, పదిహేనూ వణికిపోయాయి. కెమెరా పాడైందేమోనని ముందు దాన్నే అనుమానించాను. తర్వాత పోయినేడు సంక్రాంతి ముందు నువ్వు ఇంటికొచ్చినప్పటి సంగతి గుర్తొచ్చింది. అమ్మ టీ ఇస్తే తాగకుండా బల్ల మీదే ఉంచావు. చల్లారాక, ఎవరూ చూడనప్పుడు రెండు చేతులతో పట్టుకుని తాగావు. నేను చూశాను. చలికేమో అనుకున్నాను.

అప్పుడు నాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కళ్ళద్దాలు, నాగలక్ష్మి అక్క దస్తూరీ, స్టూడియోకి వేసిన తాళం. "మనసు చచ్చిపోయింది" అని నేను రాసిన మాటని ఆమె నీకు చదివి వినిపించింది. నేనే చదవమన్నాను. ఆ కాగితం తిరిగి ఇచ్చెయ్ బాబాయ్, పొయ్యిలో వేస్తాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

రెండో రోజు ఫొటోలు పెద్ద లెన్సువి. మొదటి పది కాస్త కదిలాయి. ఆ తర్వాతవి కదల్లేదు. మూడో రోజుకి ఒక్కటీ కదల్లేదు. చివరిది ఒక ముసలమ్మ ఫొటో. ఇంట్లో గోడ పక్కన కూర్చుని చేటలో ఇప్పపువ్వు ఏరుతోంది. ఉన్న వెలుతురల్లా వాకిట్లోంచి వచ్చేదే. ఆమె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఖమ్మంలో ఇలాంటి ఫొటో తీసేవాడు నాకు తెలిసి లేడు. ఆమె ఎవరు?

ఇక నా సంగతి. సత్తుపల్లి పెళ్లికి అదే లెన్సు మళ్ళీ కిరాయికి తెచ్చుకున్నాను. చెంబంత లెన్సు మెడలో వేసుకుని నిలబడితే పెళ్లికూతురి మేనత్త వచ్చి అడిగింది: "ఫొటోగ్రాఫర్ ఎప్పుడొస్తాడమ్మా?" నవ్వొచ్చింది. "వచ్చిందండీ, మీ ముందే ఉంది" అన్నాను. ఆమె కూడా నవ్వి కుర్చీ వేయించింది. రెండున్నర నెలలుగా ఆ లెన్సు వల్ల దొరుకుతుందనుకున్నది నా నోట్లోనే ఉంది. అందుకోసమే అయితే దాన్ని కొననక్కర్లేదు.

అయినా కొన్నాను. ఆ చీకటి గదుల కోసం కొన్నాను. ఆ పెళ్లిలో పెళ్లికూతురూ వాళ్ళ తమ్ముడూ స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల మీద కూర్చుని ఏడుస్తున్న ఫొటో వచ్చింది. ఆల్బమ్‌కి అట్ట మీద అదే కావాలన్నారు. మెడకి వెడల్పాటి పట్టీ కుట్టించుకున్నాను. గదుల్లోనూ మండపం దగ్గరా అది, ఊరేగింపుకీ భోజనాలకీ పాత తేలిక లెన్సు. నీ మాట సగం విన్నట్టే.

మూఢం వచ్చేసింది. అది పోగానే ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. మూడు నెలలు ఈ లెన్సు బీరువాలో ఉంటే వానలకి బూజు పడుతుంది. అందుకని ఈ ఉత్తరంతో పాటు టిఫిన్ డబ్బా, పాత కెమెరా వస్తున్నాయి. ముహూర్తాలున్నప్పుడు నాది, లేనప్పుడు నీది. ప్రతి ఏడూ ఇంతే. కాదంటే రామ్‌సింగ్ గారి చేత తిప్పి పంపించు, ఆయన ఈసారి నిజంగా బిర్యానీ అడిగారు.

నాకొక్కటే కావాలి. ఒక్క ఉత్తరం నీ చేత్తో రాయి. చదవలేకపోయినా ఫరవాలేదు.

నీ
లిఖిత

నర్సరీ,
14 మే

లిఖితా,

ఇది నా దస్తూరీయే.

రాయడానికి మూడు రోజులు పట్టింది. రోజుకి కొంచెం రాస్తున్నాను.

చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది. కొత్తగూడెంలో డాక్టరు చూశాడు. ప్రాణానికేమీ లేదు, కొందరికి వయసుతో వస్తుందన్నాడు. మాత్రలు ఇచ్చాడు. కొంచెం నయం.

ఒక పెళ్లిలో తలంబ్రాల ఫొటోలన్నీ కదిలిపోయాయి. పిల్ల తండ్రి నా భుజం తట్టి, భోంచేసి వెళ్ళమన్నాడు. ఇంటికొచ్చి స్టూడియోకి తాళం వేశాను. నీకు చెబితే నా వెంట తిరిగి నా బదులు తీసేదానివి. నీ పని మానుకుని నా పని చేసేదానివి. అది నాకిష్టం లేదు.

వీడియో కెమెరా బరువు వల్లే నా చెయ్యి ఇలా అయిందనుకున్నాను. డాక్టరు కాదన్నాడు, నేను నమ్మలేదు. నీ చెయ్యి కూడా ఇలా అవుతుందని భయపడ్డాను. అందుకే చింతపండు పంపాను. నువ్వు ఆడపిల్లవని కాదు.

అంతు పట్టలేదన్న విషయం ఇదే. తేలిక లెన్సు పట్టుకుంటే నా చెయ్యి ఎగురుతుంది. నీ పెద్దది పట్టుకుంటే ఆ బరువుకి చెయ్యి కుదురుకుంటుంది. నేను వద్దన్నదే నాకు మందైంది. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

ఫొటోలో ఆమె పేరు భీమక్క. నర్సరీ వెనకాల ఇల్లు. కెమెరా వెనక తెరలో ఆమెకి చూపించాను. చాలాసేపు చూసి, "గీమె మా అమ్మ లెక్కున్నది" అంది. అది తనే అని చెప్పినా ఒప్పుకోలేదు. ఆ ఫొటో పెద్ద సైజులో కడిగించి పంపు, ఫ్రేము కట్టించి ఇద్దాం.

లెన్సు ఉంచుకుంటున్నాను. శ్రావణం మొదటి ముహూర్తానికి రెండు రోజుల ముందు పంపిస్తాను. ఈలోగా అడగొద్దు, ఇవ్వను.

అక్షరాలు ఇంత నిలకడగా ఎలా వచ్చాయని అనుకుంటున్నావేమో. నాగలక్ష్మి దగ్గర అరకిలో చింతపండు అడిగి తెచ్చి, మూట కట్టి మణికట్టుకి తగిలించుకుని రాస్తున్నాను. మీ అమ్మకి చెప్పు, ఇది కూడా పులిహోరకి కాదు.

ఈ కవరు మీద నీ పేరు నేనే రాశాను. చూసుకో.

బాబాయ్